లెక్క రాదన్న నింద

"కరువు సీమ రైతుకు లెక్క రాదు. రాబడి ఎంతో ఖర్చు ఎంతో రాసిపెట్టుకోడు. అప్పుల పాలయ్యేది అందుకే." బ్యాంకులు పెట్టే ఆర్థిక అక్షరాస్యత శిబిరాల్లో ఈ మాట వినబడుతుంది. టీవీ చర్చల్లో వినబడుతుంది. ఆఖరికి రాయలసీమలోని మడకశిర పల్లెల్లో పుట్టి బెంగళూరు చేరిన చదువుకున్న పిల్లల నోట కూడా ఇదే మాట. ఎంతగా పాతుకుపోయిందంటే, అన్నవాళ్లు రుజువు చూపరు, విన్నవాళ్లు అడగరు. నేను అడుగుతున్నాను.

ముందు ఆ వాదనను దాని బలం తగ్గించకుండా చెబుతాను. జమాఖర్చులు రాసే శాస్త్రం ఇటలీ వర్తక నగరాల్లో పుట్టింది. 1494లో లూకా పచోలీ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి వెనిస్‌లో అచ్చువేయించిన గణిత గ్రంథంలో జంటపద్దు విధానాన్ని వివరించాడు. ప్రతి లావాదేవీని రెండు ఖాతాల్లో, ఒకచోట డెబిట్‌గా మరోచోట క్రెడిట్‌గా రాయడం, చివరికి రెండు వైపులా సరిపోయాయో లేదో చూడడం దాని సారం. పెట్టుబడి వేరు, లాభం వేరు అని విడదీసి కొలవడం ఆ పద్ధతి వల్లే వీలైందనీ, అది లేకుంటే పెట్టుబడిదారీ వ్యవస్థనే ఊహించలేమనీ జర్మన్ పండితుడు వెర్నర్ సోంబార్ట్ వాదించాడు. ఆ విద్య మనకు ఈస్టిండియా కంపెనీతో వచ్చింది, పట్నాల్లో ఆగిపోయింది, పల్లెకు చేరలేదు. లెక్క లేనిచోట అంచనా ఉండదు, అంచనా లేనిచోట అప్పు పెరుగుతుంది. కాబట్టి రైతుకూ కూలికీ పొదుపు సంఘంలోని ఆడవాళ్లకూ లెక్కలు నేర్పితే అప్పు అదుపులోకి వస్తుంది. ఇదీ వాదన.

ఇందులో నిజాలున్నాయి. జంటపద్దు గొప్ప పనిముట్టు. మన రైతుల్లో చాలామంది ఇంట్లో పద్దుల పుస్తకం పెట్టుకోరన్నదీ నిజమే. ఆ నిజాల మీద నిలబెట్టిన తీర్పు మాత్రం ఏ మెట్టు మీదా నిలవదు.

1. పచోలీ దగ్గర మొదలయ్యే కథ

పచోలీ జంటపద్దును కనిపెట్టలేదు. కనిపెట్టానని చెప్పుకోనూ లేదు. వెనిస్ వర్తకులు అప్పటికే వాడుతున్న పద్ధతిని వివరిస్తున్నానని ఆయనే రాశాడు. జెనోవా నగర పాలకుల 1340 నాటి పద్దులు జంటపద్దులోనే ఉన్నాయి. ఫరోల్ఫి వర్తక సంస్థ 1299–1300 నాటి లెక్కల పుస్తకంలో దాని లక్షణాలు కనబడుతున్నాయి. బెనెడెట్టో కొత్రూలీ 1458లోనే దాన్ని గురించి రాశాడు. ఆయన పుస్తకం 1573 దాకా అచ్చు కాలేదు, పేరు పచోలీకి దక్కింది. అంటే దాదాపు రెండు వందల ఏళ్లు అచ్చు గ్రంథం ఏదీ లేకుండానే ఇటలీ వర్తకులు ఆ పని చేసుకొచ్చారు. కుర్రవాళ్లు దుకాణంలో పెద్దల పక్కన కూర్చుని నేర్చుకున్నారు.

ఇటలీలో గ్రంథం లేని రెండు శతాబ్దాలను వర్తకుల ఆచరణగా గౌరవించేవాళ్లే మన దగ్గర గ్రంథం కనబడకపోతే అజ్ఞానం అంటున్నారు. ఒకే ఆధారానికి రెండు తీర్పులు ఎలా కుదురుతాయి?

ఆ ఇటలీ లెక్కలకు ఊతమైన అంకెలు ఎక్కడివో కూడా చూడాలి. పీసా నగరవాసి ఫిబొనాచీ 1202లో రాసిన గణిత గ్రంథంతో భారతీయ అంకెలు అరబ్బుల ద్వారా అక్కడి వర్తకుల చేతికి అందాయి. వాటిని నమ్మలేక 1299లో ఫ్లారెన్స్ నగరంలో డబ్బు మార్పిడి వర్తకుల సంఘం తన సభ్యుల పద్దుల్లో వాటి వాడకాన్ని నిషేధించింది. అప్పటికి ఆరున్నర శతాబ్దాల క్రితమే, 628లో, బ్రహ్మగుప్తుడు ఆస్తిని ధనంగా, అప్పును ఋణంగా తీసుకుని ఆ రెంటినీ కూడడానికీ తీసివేయడానికీ సూత్రాలు రాసిపెట్టాడు.

ఇంతమాత్రాన జంటపద్దు కూడా మనదేనని నేను అనడం లేదు. అలా అన్నవాళ్లున్నారు. 1986లో బి.ఎమ్. లాల్ నిగమ్ మన వర్తకుల బహీఖాతా పద్ధతి పచోలీకి ముందునుంచే ఉన్న జంటపద్దేనని ఒక వ్యాసం రాశారు. మరుసటి ఏడే క్రిస్టొఫర్ నోబ్స్ దానికి తగిన ఆధారాలు లేవని జవాబిచ్చాడు. ఈ విషయంలో నోబ్స్ పక్షమే సరైంది. అంత పాత జంటపద్దు పుస్తకం మన దగ్గర ఒక్కటీ బయటపడలేదు. గర్వం కోసం లేనిదాన్ని ఉన్నట్టు చెప్పుకుంటే ఉన్నదాని విలువ కూడా పోతుంది. ఉన్నదేమిటో చూద్దాం.

2. ఈ నేల మీద రాసిన లెక్కలు

మడకశిర, హిందూపురం ప్రాంతమంతా చింతచెట్లకు పేరు. ఆ చింతగింజలతోనే ఇక్కడి లెక్కల పుస్తకం తయారయ్యేది. పొడవాటి గుడ్డను కావలసిన వెడల్పుకు కత్తిరించేవారు. చింతగింజల పొడి ఉడకబెట్టిన జిగురులో బొగ్గుపొడి కలిపి రెండు వైపులా పట్టించేవారు. అది ఎండి అట్టలా బిగుసుకున్నాక ముందుకొకటి వెనక్కొకటిగా మడతలు పెట్టి, రెండు చివర్లా చెక్కలు బిగిస్తే కడితం సిద్ధం. నల్లటి ఆ మడతల మీద బలపంతో రాస్తే అక్షరం తెల్లగా కనబడుతుంది. తుడిచి మళ్లీ రాయొచ్చు, పూత పోతే మళ్లీ పట్టించొచ్చు. కన్నడ సీమలోనూ మన రాయలసీమలోనూ కరణాలూ వర్తకులూ మఠాలవాళ్లూ తరతరాలు వాడినది ఇదే. ఊళ్లో దొరికే వస్తువులతో ఊళ్లోనే తయారు చేసుకున్న పుస్తకం. రాసుకునే అవసరం లేని జనం దాన్ని ఎందుకు తయారు చేసుకుంటారు?

అందులో రాత తీరు కూడా చూడండి. జరిగిన లావాదేవీలన్నీ ఏ రోజుకారోజు వరసగా చిట్టాకెక్కుతాయి. అక్కడినుంచి ఎవరి పద్దు వాళ్ల పేరు కింద ఆవర్జాకు చేరుతుంది. ఒక పక్క జమ, ఒక పక్క ఖర్చు, పొద్దుపోయేసరికి పెట్టెలో ఉన్న రొక్కంతో సరిచూసి తేల్చిన నిలవ. పచోలీ చెప్పిన వరస కూడా ఇలాంటిదే: మొదట చిత్తు పుస్తకం, తర్వాత రోజువారీ పుస్తకం, ఆ తర్వాత పేరువారీ ఖాతా. అసలు తేడా ఒక్కచోటే ఉంది. ప్రతి పద్దుకూ ఎదురు పద్దు తప్పనిసరి అన్న నియమం మన దగ్గర అంత బిగువుగా ఉండేదని చెప్పలేం. అది చిన్న తేడా కాదు. అయినా ఆ తేడా చూపి లెక్కే లేదనడం కుదరదు.

ఇక భిన్నాలు. తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు, సోలకు నాలుగు గిద్దలు. ప్రాంతాన్ని బట్టి కొలత మారినా నాలుగేసి భాగాలు చేసుకుంటూ పోవడం మాత్రం తెలుగునాట చాలాచోట్ల ఉంది. ఆ వరసను రాయడానికి తెలుగు లెక్కల్లో కాలు, వీసం, కాని వంటి భాగాలకు విడిగా గుర్తులుండేవి. నాలుగో వంతు, పదహారో వంతు, అరవై నాలుగో వంతు ఏదైనా పక్కపక్కన గీతలు పెట్టి రాసేయొచ్చు. 2008లో యూనికోడ్‌లో తెలుగు అక్షరాలతోపాటు ఆ గుర్తులకూ చోటు దొరికింది. గింజను అరవై నాలుగో వంతు దాకా పంచి రాసిన భాషలో లెక్క రాదన్న మాట పుట్టడమే విచిత్రం.

తెలుగులో తొలి గణిత గ్రంథమూ వ్యాపారానికి దగ్గరిదే. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెనిగించినది మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో కన్నడ దేశంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో ఉన్నవాడు. ఆయన గ్రంథంలో వడ్డీ, వాటాలు, బంగారం మచ్చు వంటి లెక్కలకు మిశ్రక వ్యవహారమని ఒక పెద్ద అధ్యాయమే ఉంది. ఇంట్లో కన్నడం, కచేరీలో తెలుగు మాట్లాడే అమరాపురం, రొళ్ల, అగళి వాళ్లకు ఈ రెండు భాషల రాకపోక వింతగా తోచదు.

ఊరి ఉమ్మడి పనుల్లోనూ లెక్క ఉంది. ఈ కరువు సీమలో చెరువు కట్టినవాడికి, తెగిన కట్ట నిలబెట్టినవాడికి దశబంధం ఇనాం ఇచ్చేవారు. చెరువు కింద పండే పంటలోనో భూమిలోనో అతనికి ఇంత వాటా. బదులుగా ఏటా ఆ చెరువు మరమ్మతు చూడాలి. ఎవరెంత పెట్టారు, ఎంత తిరిగి వస్తుంది, అందుకు ఏం చేయాలి అన్న మూడు ప్రశ్నలకూ జవాబు లేకుండా ఈ ఏర్పాటు ఒక్క ఏడు కూడా నడవదు. శతాబ్దాలు నడిచింది.

లేపాక్షి గుడి కథ ఇక్కడి ఆడామగా పిల్లా అందరికీ తెలుసు. పెనుకొండలో కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ, అచ్యుతదేవరాయల అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడని ఆరోపణ వచ్చింది. శిక్ష పడకముందే తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడని చెప్పుకుంటారు. అది చరిత్రా కాదా అన్నది వేరే సంగతి. ఖజానా సొమ్ముకు పుణ్యకార్యం కూడా సాకు కాదు, పైసా పైసాకు జవాబు చెప్పాల్సిందే అన్న తెలివిడి ఈ ప్రాంతపు జనం నోట తరతరాలుగా నిలిచి ఉంది. దాన్ని లెక్క తెలియని జనమని ఎలా అంటారు?

3. కంపెనీ నేర్పిందా, నేర్చుకుందా

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి దత్తం చేశాడు. థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకునే రైత్వారీ పద్ధతిని ఇక్కడ విస్తృతంగా అమలు చేశాడు. పొలం పొలాన్నీ కొలిచి, రైతు రైతు పేరా పద్దు రాయాలంటే కంపెనీకి మొదట కావలసింది కరణం లెక్కలు. 1802లో మద్రాసు ప్రభుత్వం కరణం ఉద్యోగం గురించి 29వ రెగ్యులేషన్ అని విడిగా ఒక చట్టమే చేసింది. కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి ఊళ్ల చరిత్రలను కైఫియత్తులుగా రాయించినప్పుడు కరణాల ఇళ్లలోని పాత లెక్కల కట్టలు, అంటే కవిలెలే, వాటికి ఆధారం.

కంపెనీ అధికారుల నిత్య ఫిర్యాదు ఏమిటంటే, కరణాలు అసలు లెక్క దాచి వేరే లెక్క చూపుతున్నారని. ఆ ఫిర్యాదులో నిజం ఉంది, కరణాల మోసాలను వెనకేసుకు రావడం నా పని కాదు. అయితే లెక్కే రానివాడు రెండు లెక్కలు ఎలా పెట్టగలడు? దొరలు ఎదుర్కొన్న ఇబ్బంది ఇక్కడ లెక్క లేకపోవడం కానే కాదు, ఉన్న లెక్క తమ చేతికి చిక్కకపోవడం. కంపెనీ తర్వాత చేసిందంతా ఆ లెక్కను తన గుప్పిట్లోకి తెచ్చుకునే పని. దాన్ని విద్యాదానంగా చెప్పుకోవడం చరిత్రను తలకిందులు చేయడమే.

4. అప్పుకూ చదువుకూ ముడి

వాదనలో అందరూ మొగ్గే భాగం ఇది: లెక్క రానందుకే అప్పు. 2019లో జాతీయ నమూనా సర్వే దేశంలోని వ్యవసాయ కుటుంబాల అప్పును లెక్కించింది. ఆంధ్రప్రదేశ్‌లో సగటు అప్పు 2,45,554 రూపాయలు. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ. వందకు 93 కుటుంబాలు అప్పులో ఉన్నాయి. ఈ అంకె చూపించి మన రైతుకు పొదుపు తెలియదన్నవాళ్లు ఆ పట్టికలో రెండో వరుస చదవలేదు. రెండో స్థానం కేరళది, 2,42,482 రూపాయలు. అక్షరాస్యతలో దేశంలో ముందు వరుసలో ఉన్న రాష్ట్రం. మూడోది పంజాబు, నీళ్లకూ మార్కెట్టుకూ కొదవలేని నేల. చదువు ఉన్నా అప్పు ఉంది, నీళ్లు ఉన్నా అప్పు ఉంది. లెక్కలు నేర్పితే అప్పు తగ్గుతుందన్న సిద్ధాంతం కేరళ సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది.

రైతు పుస్తకం రాయడన్న మాటకూ జవాబు ఉంది. శెనక్కాయ వేసిన మెట్ట రైతును అడగండి: విత్తనం ఎంతకు తెచ్చాడో, ఏ అదునులో ఎన్ని గుంటకలు తోలాడో, కలుపుకు ఎందరు కూలీలు, మందు ఏ అంగట్లో ఎంత బాకీ, పోయిన ఏడు బాకీలో ఇంకెంత మిగిలిందో తడుముకోకుండా చెబుతాడు. అతని లెక్కకు ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగిసే సంవత్సరం లేదు. వాన పడిన ఏడు దాకా పద్దు సాగుతూనే ఉంటుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎప్పుడు పడుతుందో తెలియని నేలలో ఒక్క ఏడాదికి తీసిన లాభనష్టాల పట్టిక చెప్పేది చాలా తక్కువ. నాలుగైదేళ్లు కలిపి చూసే రైతు లెక్కే ఈ నేలకు సరిపోయే లెక్క.

నిపుణుల లెక్కను కూడా అదే తూకంలో వేద్దాం. పంట ఖర్చును కేంద్రం మూడు రకాలుగా కడుతుంది. చేతి నుంచి పెట్టిన ఖర్చు ఏ2. దానికి ఇంటిల్లిపాది చాకిరీ విలువ కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్ఎల్. సొంత భూమి కౌలు విలువ, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపితే సీ2. స్వామినాథన్ కమిషన్ ఖర్చు మీద కనీసం యాభై శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలంది. 2018–19లో ప్రభుత్వం ఒకటిన్నర రెట్లు ఇచ్చామని ప్రకటించింది ఏ2 ప్లస్ ఎఫ్ఎల్ మీద, సీ2 మీద కాదు. సొంత భూమికీ సొంత పెట్టుబడికీ ఖరీదు కట్టకుండా ఒక వ్యాపారం గిట్టుబాటు అవుతుందో లేదో ఎవరైనా తేలుస్తారా? కాలేజీలో నేర్పే అర్థశాస్త్రం మొదటి పాఠాన్ని పక్కన పెట్టింది ఎవరు? రైతు పెట్టలేదు. "భూమి కౌలుకిచ్చి కూలికి పోయింటే ఇంతకన్నా మిగిలేది" అని మడకశిర రైతు నిట్టూర్చినప్పుడు అతను చెబుతున్నది సీ2 లెక్కే.

5. పుస్తకం ఎవరి చేతిలో ఉంది

హిందూపురం మార్కెట్‌కు చింతపండు తెచ్చిన రైతు చేతికి సరుకు అమ్ముడయ్యాక తక్‌పట్టీ వస్తుంది. కరిపులా, ఫ్లవరా అన్న రకం, బస్తాలెన్ని, తూకమెంత, క్వింటా ధరెంత, మొత్తమెంత. కింద కమీషన్, హమాలీ. ఇక్కడిదాకా చదువు రాని ఆడమనిషి కూడా వేళ్ల కణుపుల మీద సరిచూసుకుని తేడా వస్తే అక్కడే నిలదీస్తుంది. ఆ తర్వాత ఒక్క గీత ఉంటుంది: పాత బాకీ, దాని వడ్డీ. అడ్వాన్సు తీసుకున్న మండీకే సరుకు వేయాల్సిన రైతుకు కాయితంలో బరువైన గీత అదే, తాను సరిచూడలేని గీతా అదొక్కటే. ఆ బాకీ ఖాతా మండీ లోపల ఉంది. ఏ రోజు ఎంత ఇచ్చారు, వడ్డీ ఏ తేదీ నుంచి కట్టారు, పోయినసారి తగ్గించినది జమ పడిందా లేదా అన్నది చూడాలంటే ఆ పుస్తకం తెరవాలి. తెరవమని అడిగే చనువు, మళ్లీ విత్తనాల వేళకు అప్పు కావలసిన రైతుకు ఉండదు. ఈ మనిషికి లెక్కలు నేర్పుతామంటున్నారు! కూడికలూ తీసివేతలూ అతనికి వచ్చు. కూడాల్సిన అంకెలే అతని దగ్గర లేవు.

ఈ సంగతి వెనకటివాళ్లకు బాగా తెలుసు. 1875 మేలో పూనా జిల్లా సూపాలో మొదలై అహమ్మద్‌నగర్ దాకా పాకిన దక్కన్ రైతుల తిరుగుబాటులో జనం వడ్డీ వ్యాపారుల ఇళ్లమీద పడి వెతికింది బాండ్లనూ ఖాతా పుస్తకాలనూ. వాటిని వీధిలో వేసి తగలబెట్టారు. లెక్క అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఆ కట్టల కాగితాల్లో తమ బతుకు ఇరుక్కుని ఉందని ఎలా తెలుస్తుంది? ఆ తర్వాత 1879లో వచ్చిన దక్కన్ రైతుల రుణవిముక్తి చట్టం రైతుకు బడి పెట్టమనలేదు. రైతు కట్టిన సొమ్ముకు రసీదు ఇవ్వాలనీ, అడిగితే ఖాతా నకలు, పాస్‌బుక్ ఇవ్వాలనీ అప్పిచ్చినవాడిని కట్టడి చేసింది. మడకశిర మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, 1938లో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన రుణ ఉపశమన చట్టం పాత అప్పుల మీద పేరుకున్న వడ్డీని కొట్టేసింది. అసలుకు రెట్టింపు ఇప్పటికే చెల్లించి ఉంటే అప్పు తీరినట్టేనంది. 2010 అక్టోబరు 15న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చినప్పుడూ అంతే: సంస్థ నమోదు కావాలి, వడ్డీ రేటు అందరికీ కనబడేలా రాసిపెట్టాలి, వసూలు పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలో జరగాలి. వారం వారం కంతు కట్టించుకున్న ఆ సంస్థల కంప్యూటర్లలో ప్రతి రూపాయీ నమోదై ఉంది. అయినా ఆడవాళ్లు ఉరి తాళ్లకు వేలాడారు. అప్పుడు కూడా ఆడవాళ్లు తాహతుకు మించి అప్పు తెచ్చుకున్నారనే అన్నారు. ఒక్క మనిషికి నాలుగు సంస్థలు అప్పిచ్చినప్పుడు తాహతు లెక్క కట్టాల్సింది ఎవరు?

కౌలు రైతు స్థితి ఇంకా అన్యాయం. సేద్యం చేసేది అతను, అడంగల్ అనే సాగు పద్దులో పేరు చాలాచోట్ల భూస్వామిది. పంట పోతే పరిహారం ఆ పేరుకే పోతుంది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణాల, మునసబుల పదవులు రద్దు చేసినప్పుడు ఊరి లెక్క ఒక ఇంటి అటక మీదినుంచి దిగిందని జనం సంతోషించారు. దిగిన మాట నిజం. అయితే అది ఊరి నడిమికి రాకుండా మండల కార్యాలయానికి, అక్కడినుంచి వెబ్‌ల్యాండ్ అనే కంప్యూటర్ రికార్డులోకి పోయింది. కరణం ఇంటి గడప దగ్గర నిలబడిన మనిషే ఇప్పుడు మీసేవా కౌంటరు ముందు నిలబడుతున్నాడు.

6. లెక్కలు బాగా వచ్చినవాళ్లు

జంటపద్దు తనంతట తానే నిజం చెప్పిస్తుందన్న నమ్మకానికి హైదరాబాదులోనే జవాబు దొరికింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం కంపెనీ పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవు. ప్రతి పద్దుకూ ఎదురు పద్దు ఉంది, రెండు వైపులా సరిపోయాయి, పేరున్న అంతర్జాతీయ ఆడిట్ సంస్థ సంతకం ఉంది. 2015లో కోర్టు శిక్ష వేసింది. రెండు వైపులూ సరిపోవడం ఒక సంగతి, రాసింది నిజం కావడం ఇంకో సంగతి. రెండోది కావాలంటే ఆ లెక్కతో నష్టపోయే మనిషికి దాన్ని చూసే అధికారం ఉండాలి.

పక్కనే పొదుపు సంఘాన్ని పెట్టి చూడండి. డ్వాక్రా రోజులనుంచి మన ఊళ్లలో నడుస్తున్న సంఘాల పంచసూత్రాల్లో ఒకటి పుస్తకాల నిర్వహణ. సమావేశంలో అందరూ చాప మీద గుండ్రంగా కూర్చుంటారు. డబ్బు నడిమిన పెట్టి పైకి లెక్కపెడతారు. సంఘం లీడరో, చదువుకునే కూతురో పుస్తకంలో రాస్తుంది, రాసింది పైకి చదువుతుంది. "అక్కా, పోయిన నెలది నా పుస్తకంలో ఎక్కలేదు సూడు" అని ఒకావిడ తన చిన్న పాస్‌బుక్ ముందుకు తోస్తుంది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి సరిచేస్తారు. సంఘం ఖాతా ఒకటి, మనిషి ఖాతా ఒకటి, రెండూ కలవాలి. కలిశాయో లేదో పదిమంది ఎదుటే తేలాలి. సత్యం బోర్డు గదిలో లేని కట్టుదిట్టం ఈ చాప మీద ఉంది. సంఘాల్లోనూ మోసాలు జరిగాయి. జరిగినచోట్ల ఎక్కువగా ఏమైంది? సమావేశాలు ఆగిపోయి పుస్తకాలు ఒక్కరి ఇంటికి చేరాయి.

7. ఉపాధి పని నేర్పిన పాఠం

ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మన అనంతపురంలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. ఆ చట్టం 17వ సెక్షన్ గ్రామసభకు సామాజిక తనిఖీ బాధ్యత అప్పగించింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో మొదలుపెట్టిన జన సున్వాయిల, అంటే బహిరంగ విచారణల, వరస ఇది. ఆంధ్రప్రదేశ్ దాన్ని రాష్ట్రమంతా పద్ధతిగా నడిపింది, 2009లో దానికోసం ప్రత్యేక సంస్థనే పెట్టింది. కూలీల ఇళ్లనుంచే వచ్చిన యువకులు హాజరు పట్టికలైన మస్టర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, జాబ్‌కార్డుతో పోల్చి, మండల సభలో మైకు ముందు చదివారు. చనిపోయినవాళ్ల పేర్ల మీద హాజరు, తవ్వని కుంటకు కొలతలు, పనికి రాని మనిషికి కూలి ఆ సభల్లో బయటపడ్డాయి. పట్టుకున్నది వేలిముద్ర వేసే జనం. మస్టరు చదివి వినిపిస్తే చాలు, "ఆ పొద్దు నేను ఊళ్లోనే లేనే" అనడానికి వాళ్లకు ఏ శిబిరమూ అవసరం రాలేదు.

ఆ తర్వాత దారి మళ్లింది. 2023 జనవరి నుంచి హాజరు ఫోన్ యాప్‌లో, ఫొటోలతో తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని గుట్ట కింద ఫొటో ఎక్కకపోతే చేసిన పని చేయనట్టే. కాగితం మస్టరులో తన పేరు పక్కన గుర్తు పడడం కూలి కళ్లారా చూసేవాడు. ఇప్పుడు చూడలేడు. పారదర్శకత పెరిగిందని పైవాళ్లు అంటున్నారు. పైవాళ్లకు పెరిగింది, కూలికి తగ్గింది.

కాబట్టి రైతుకు లెక్కలు నేర్పే శిబిరాలు కాసేపు ఆపండి. చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. అడ్వాన్సిచ్చే ప్రతి మండీ, రైతు బాకీ ఖాతా నకలును తక్‌పట్టీతో కలిపి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ బాకీ మినహాయింపు చెల్లకూడదు. పంట రుణం ఖాతా వివరాలు బ్యాంకు ఏటా కాగితం మీద ఇవ్వాలి, వడ్డీ ఏ తేదీనుంచి ఎలా కట్టారో వరసగా ఉండాలి. రొళ్ల, అగళి, అమరాపురం ఊళ్లలో ఆ కాగితం కన్నడంలో కూడా రావాలి. అక్కడ కన్నడ బడిలో చదివే పిల్లలున్నారు, ఫోనుకు వచ్చే బ్యాంకు మెసేజి మాత్రం ఇంగ్లీషులో. అడంగల్‌లో సాగుదారు పేర్లు ఏటా రెండు పంట కాలాల్లోనూ గ్రామసభలో పైకి చదవాలి, అభ్యంతరం అక్కడే రాసుకోవాలి. యాప్ ఉంటే ఉండనీ, ప్రతి వారం హాజరు పట్టిక అచ్చుతీసి పని దగ్గరే అంటించాలి.

ఇవేవీ చేయకుండా లెక్కలు నేర్పుతామని వచ్చేవాళ్లకు మడకశిర గ్రామసభలు ఒక షరతు పెట్టాలి: ముందు మీ దగ్గరున్న మా ఖాతా తెచ్చి ఇక్కడ చదవండి, తప్పులుంటే మేము చెబుతాం, ఆ తర్వాత మీ పాఠం వింటాం.